తీపి తగ్గించిన క్యారేజీ భోజనం: అమలాపురంలో ఒక సేవ గురించి

గోదావరి జిల్లాల వంటింట్లో బెల్లం ఉప్పుకారాలతో పాటు చేతికందే చోటే ఉంటుంది. దప్పళంలో ఓ ముక్క, పెసరట్టు పక్కన వేసే అల్లం పచ్చడిలో చింతపండుకు దీటుగా, మజ్జిగపులుసులో కొద్దిగా వేయడం ఎవరూ ప్రత్యేకించి చెప్పుకోని అలవాటు. అందువల్ల తీపి మానేశామనుకునేవారు కాజాలనూ పూతరేకులనూ దూరం పెట్టినా, రోజువారీ కూరల్లో కలిసి వచ్చే తీపిని లెక్కలోకి తీసుకోరు. ఈ సంగతి గ్రహించి, కూరల్లోనూ పచ్చళ్లలోనూ పంచదార గాని బెల్లం గాని వేయమన్న హామీతో మధ్యాహ్న భోజనం ఇళ్లకు పంపే క్యారేజీ సేవ ఒకటి అమలాపురంలో నడుస్తోంది. ఇంట్లో ఇద్దరికి షుగరు ఉండడం వల్ల మేము కొంతకాలంగా దీనిని తెప్పించుకుంటున్నాము.

నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీలో అన్నం, పప్పు, కూర, పులుసు వస్తాయి. పచ్చడి, పెరుగు విడి డబ్బాల్లో ఉంటాయి. వీటిలో మొదట చెప్పుకోవలసినది దప్పళం. పులుపును యథాతథంగా ఉంచి బెల్లాన్ని మాత్రం తీసేస్తే నోరు జివ్వుమనడం తప్ప మిగిలేదేమీ ఉండదు. వీరు ముందుగా చింతపండునే బాగా తగ్గించి, గుమ్మడికాయ, చిలగడదుంప, చిన్న ఉల్లిపాయలు ధారాళంగా వేసి సన్నని సెగ మీద చాలాసేపు మరగనిస్తారు. ముక్క చెదిరిపోకుండా, వేలితో నొక్కితే విడిపోయేంత మెత్తగా ఉడికి, దాని తీపి పులుసులోకి దిగుతుంది. బెల్లం వేయలేదని చెబితే తప్ప మా ఇంటికి వచ్చిన బంధువులు పోల్చుకోలేకపోయారు. చిలగడదుంపలో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి షుగరు ఉన్నవారు రెండు ముక్కలతో సరిపెట్టుకోవడం మంచిదే గాని, కూరగాయలో సహజంగా ఉన్న తీపి వేరు, బయటి నుంచి కలిపిన తీపి వేరు.

పచ్చళ్లలో కొబ్బరి పచ్చడికి పూర్తి మార్కులు వేయవచ్చు. కోనసీమలో లేత కొబ్బరికి లోటు లేదు, దాని కమ్మదనం మామిడికాయ పులుపును చక్కగా సర్దేస్తుంది. అల్లం పచ్చడి విషయంలో మాత్రం పట్టుదలకు పోయారనిపించింది. అల్లం ఘాటుకు బెల్లమే పగ్గం. అది లేకపోయేసరికి మొదటి ముద్దకే గొంతు మండి, రెండో ముద్దకు చెయ్యి పప్పు వైపు తిరుగుతుంది. దాని బదులు దోసకాయ పచ్చడి పంపినా ఎవరూ నొచ్చుకోరు.

ఇంత చిన్న ముక్కల గురించి పట్టింపు ఎందుకని అడిగేవారికి లెక్క చెప్పడం తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కలిపిన చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతానికి మించరాదు, 5 శాతం లోపు ఉంటే మరింత మేలు. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినేవారికి ఇవి వరుసగా 50 గ్రాములు, 25 గ్రాములు అవుతాయి. చెంచాడు పంచదార 4 నుంచి 5 గ్రాములు తూగుతుంది. ఉదయం, సాయంత్రం రెండేసి చెంచాలతో టీ తాగితేనే 16 నుంచి 20 గ్రాములు అయిపోతాయి. ఆపైన పచ్చడిలో, పులుసులో చేరే బెల్లం ఎటు తోస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంత శ్రద్ధగా వండేవారు ఆదివారం నాడు చేసే పని నాకు మింగుడుపడలేదు. ఆ రోజు క్యారేజీతో పాటు, అదనపు ధరకు, బెల్లం పూతరేకులు "షుగర్ ఫ్రీ" అన్న చీటీ అంటించి పంపుతారు. ఫోను చేసి అడిగితే నిర్వాహకురాలు, "ఆయ్, పంచదార అస్సలు వెయ్యలేదండి, అంతా బెల్లమేనండి" అన్నారు. ఆవిడ మోసం చేస్తున్నారని నేను అనుకోను; నిజంగానే అలా నమ్ముతున్నారు. కానీ బెల్లంలో ఉండేది చాలావరకు సుక్రోజే, పంచదారలో ఉన్నదీ అదే. కొద్దిపాటి ఖనిజాలు ఉన్నంత మాత్రాన రక్తంలో చక్కెర పెరగకుండా ఆగదు. మన దేశపు ఆహార భద్రతా నిబంధనల్లో "షుగర్ ఫ్రీ" అన్న మాట వాడాలంటే 100 గ్రాముల పదార్థంలో చక్కెరలు అర గ్రాముకు మించకూడదు. నిజానికి పూతరేకులో తీపి తగ్గించడం చాలా సులువు. బియ్యప్పిండి పాలలో గుడ్డ ముంచి కాలే కుండ మీద తీసిన రేకులో తీపే ఉండదు, మడతల మధ్య చల్లే పొడిలోనే ఉంటుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకును చల్లే పొడి సగానికి తగ్గించి, "బెల్లం తక్కువ" అని ఉన్నదున్నట్టు రాసి అమ్మితే నేనే కొంటాను.

కృత్రిమ తీపి వేసిన సేమియా పాయసం కూడా అప్పుడప్పుడూ వస్తుంది. నాలుక మీద చివర్లో తేలే ఆ వెగటు మా ఇంట్లో ఎవరికీ రుచించలేదు. బరువు తగ్గడానికి ఇటువంటి తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారిని ఉద్దేశించినది కాదు గనుక, వారు తమ వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవడం మేలు.

క్యారేజీ ధర 130 రూపాయలు. ఊళ్లోని మామూలు క్యారేజీల కన్నా కాస్త ఎక్కువైనా, కూరగాయల నాణ్యత చూస్తే అన్యాయం కాదు. అన్నం మాత్రం పొలం పనికి వెళ్లేవారికి పెట్టినట్టు గిన్నె అంచుదాకా కూరుతారు. సగం చాలంటే సగమే పంపుతారు గాని ధర తగ్గించరు, ఆ మేరకు కూర పెంచమని అడిగినా వినలేదు. షుగరు ఉన్నవారి కోసమే నడిపే సేవకు ఈ మొండితనం తగదు. ముందురోజు సాయంత్రంలోగా ఫోను చేసి చెప్పాలి. పచ్చడి ఏమిటో అప్పుడే అడిగి, అల్లం పచ్చడి అయితే వద్దని చెప్పవచ్చు. బదులుగా పెరుగు కాస్త ఎక్కువ పంపుతున్నారు.