మీరు కాస్తా నువ్వయ్యే చోట

ఇంట్లో నాకు రాతిగుండె అని పేరు. అలాంటిదాన్ని 2015లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఏమీ తోచక పెట్టుకున్న కొరియన్ సినిమా చూసి, ముక్కు చీదుకుంటూ వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరగడం మొదలెట్టాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక సాకు ఉండాలి కదా. ఆ సినిమా 2004లో వచ్చిన ‘ఎ మూమెంట్ టు రిమెంబర్’. పెళ్ళయిన కొన్నాళ్ళకే భార్యకి అల్జీమర్స్ అని తేలుతుంది. ఒకరోజు ఆవిడ భర్త ముఖంలోకి చూస్తూ, పాత ప్రియుడి పేరుతో పిలిచి, ప్రేమిస్తున్నానంటుంది. అతను ఆ పేరు దిద్దడు. అంతే. ఆ రోజు పట్టుకున్న అలవాటు పదేళ్ళు దాటినా వదల్లేదు.

కొత్తలో ఏ వస్తువైనా బాగున్నట్టే ఉంటుంది. పదేళ్ళు వాడాకే ఏది అరిగిందో, ఏది అరగలేదో తెలిసేది. అందుకే ఫలానా డ్రామా (అదే, టీవీ సీరియల్) బాగుందా లేదా అని కాకుండా, ఈ కొరియన్, జపనీస్, చైనీస్ ప్రేమకథలు ఇన్నేళ్ళలో నా కళ్ళనీ, నిద్రనీ ఏం చేశాయో రాస్తున్నాను. కథలు బయటపెట్టకుండా రాయడం కుదరదు, ముందే చెప్తున్నా.

ముందు అరిగిపోయిన వాటి సంగతి. వానలో ఒకే గొడుగు, తాగి తూలుతున్న అమ్మాయిని వీపున మోసుకెళ్ళడం, వెనకనుంచి వచ్చి వాటేసుకోవడం, ఇవన్నీ మొదటి రెండేళ్ళు బ్రహ్మాండంగా పనిచేశాయి. దిండు నోట్లో కుక్కుకుని కేకలు పెట్టిన రోజులున్నాయి. ఇప్పుడు గొడుగు కనపడగానే ఫోన్ తీసి మెసేజ్‌లు చూసుకుంటున్నాను. హీరోయిన్ రోడ్డు మధ్యలో ఆలోచనలో పడి నిలబడిందంటే ఎక్కడినుంచో ఒక లారీ రావాల్సిందే, ఆ లారీ డ్రైవర్‌కి బ్రేక్ అనేది ఒకటుందని తెలియకూడదంతే. 2002 నాటి ‘వింటర్ సొనాటా’ నేను చాలా ఆలస్యంగా చూశాను. ఇరవై భాగాల్లో ఒక యాక్సిడెంటుకి జ్ఞాపకం పోతుంది, ఇంకో యాక్సిడెంటుకి తిరిగొస్తుంది, మధ్యలో ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలేమోనని అనుమానం, చివరికి హీరోకి చూపు పోతుంది. 2003లో జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే దీన్ని ప్రసారం చేస్తే జపాన్‌లో నడివయసు ఆడవాళ్ళు వెర్రెత్తిపోయారు, హీరో బే యోంగ్-జున్‌ని ‘యోన్-సామా’ అని గౌరవంగా పిలుచుకున్నారు. మొదటి నాలుగు భాగాలు చూసినప్పుడు ఇందులో ఏముందని అంత పిచ్చి అనుకున్నాను. ఎనిమిదో భాగానికి హీరో మెడలో ఆ మఫ్లర్ చూస్తే చాలు నాకు గొంతు పట్టేస్తోంది. అరిగిపోయిందనుకున్న సరుకు కూడా ఒక్కోసారి ఇలా దెబ్బ కొడుతుంది.

అరిగిపోవడమే కాదు, విరక్తి పుట్టినవీ ఉన్నాయి. మొదట్లో హీరో వచ్చి అమ్మాయి మణికట్టు పట్టుకుని బరబరా లాక్కెళ్తుంటే అబ్బ ఎంత ప్రేమో అనుకునేదాన్ని. ఇప్పుడా సీన్ వస్తే నా చెయ్యి నొప్పెడుతుంది. డబ్బున్న కుర్రాడు ఏడిపించి ఏడిపించి ఆఖరికి ప్రేమించే కథలు ఇక నావల్ల కాదు. అవి చూసి ఒకప్పుడు ఏడ్చానని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

పాటల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొరియన్ డ్రామాల్లో ఒక మెల్లటి పాటని మొదటి భాగాల్లోనే అలవాటు చేసేస్తారు. ఎవరో ఎవరికోసమో బస్టాపులో నిలబడినప్పుడు ఒకసారి, జ్వరంతో పడుకున్నప్పుడు ఒకసారి. పదో భాగానికి వచ్చేసరికి ఆ పాట పియానో మొదలైతే చాలు, తెరమీద ఏం జరుగుతోందో చూడకుండానే కన్నీళ్ళు వచ్చేస్తాయి. మోసమని తెలుసు. అయినా వస్తాయి.

ఇక అరగనిదానికి వస్తాను. అది కంటికి కనిపించేది కాదు, చెవికి వినిపించేది.

కొరియన్‌లో ఎదుటి మనిషితో మాట్లాడటానికి మర్యాద మాట ఒకటి, చనువు మాట ఒకటి. మొదటిదాన్ని జొండెన్‌మల్ అంటారు, రెండోదాన్ని బన్‌మల్ అంటారు. మన మీరు, నువ్వు లాగే అనుకోండి. అక్కడ తేడా క్రియల చివర్లలో ఎక్కువగా వినిపిస్తుంది. ‘యొ’ అనే చిన్న శబ్దం ఉందా, ఊడిందా అన్నదాని మీద సీన్ మొత్తం నిలబడుతుంది. ఆరేడు భాగాలపాటు మీరూ మీరూ అనుకున్న ఇద్దరిలో ఒకరు కోపంలోనో, భయంలోనో, నిద్రమత్తులోనో ‘యొ’ వదిలేస్తారు. ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో ముందూ ‘యూ’నే, తర్వాతా ‘యూ’నే. మొదటి రెండేళ్ళు ఆ ఆగడం ఎందుకో తెలియకుండానే చూశాను. తెలిశాక మాత్రం ముద్దు సీన్లకంటే ఇదే నన్ను ఎక్కువ కదిలించింది. ఏకవచనంలోకి దిగడమంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే మాట గొడవలో పడితే చెంపదెబ్బ, ప్రేమలో పడితే ఇంకేదో. అక్కడ కూడా అంతే, నడిరోడ్డు మీద తగాదా సగంసార్లు ‘నన్ను నువ్వంటావా’ దగ్గరే మొదలవుతుంది.

జపనీస్‌లో ఇదే పని పేరు చివరి ‘సాన్’ చేస్తుంది. పది భాగాలపాటు ఇంటిపేరుకి సాన్ తగిలించి పిలిచినవాడు ఒకరోజు ఉత్త పేరు పెట్టి పిలుస్తాడు. అమ్మాయి చెవులు ఎర్రబడతాయి, మావీ ఎర్రబడతాయి.

ఇంత చెప్పాక నా బాధ కూడా వినండి. తెలుగు డబ్బింగ్ వచ్చిందని ఒక డ్రామాని ఎంతో ఆశగా మళ్ళీ పెట్టాను. ఈ సంగతి ఇంగ్లీషులో పలకదు, తెలుగులో భలే పలుకుతుంది కదా అనుకున్నాను. తీరా చూస్తే మొదటి భాగంలోనే ముక్కూముఖం తెలియని హీరోయిన్‌ని హీరో నువ్వు అనేశాడు. ఎనిమిదో భాగంలో మారడానికి ఇంకేం మిగిలింది! మా చెల్లి పక్కనే కూర్చుని చూస్తూ, “ఇందులో ఏడవడానికి ఏముందక్కా?” అంది. “ఏడుపు రాకే ఏడుస్తున్నానే” అన్నాను.

నన్ను బాగా ఏడిపించినవి ప్రేమ సీన్లు కాకపోవడం ఇంకో విచిత్రం. ‘రిప్లై 1988’లో హీరోయిన్‌కి నలుగురు కుర్రాళ్ళలో ఎవరు మొగుడవుతాడా అని లోకమంతా పందాలు కాసింది, నేనూ కాశాను, ఓడిపోయాను. కానీ ఇన్నేళ్ళ తర్వాత గుర్తున్నది రెండో భాగం. నాయనమ్మ చనిపోతుంది. పల్లెలో అంత్యక్రియలకి పిల్లలు ఏడుస్తూ వెళ్తారు. అక్కడ చూస్తే తండ్రి, మేనత్తలు వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్తున్నారు, తాగుతున్నారు, నవ్వుతున్నారు. పిల్లలకి ఒళ్ళు మండుతుంది. రాత్రి చాలా పొద్దుపోయాక అమెరికా నుంచి పెద్దన్న వస్తాడు. అతను గుమ్మంలో కనపడగానే, అప్పటిదాకా నవ్వుతూ తిరిగిన మనిషి కాళ్ళు నిలవవు. నలుగురూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడుస్తారు.

మా నాయనమ్మ పోయినప్పుడు మా నాన్న వచ్చినవాళ్ళందరినీ భోజనం చేశారా, ఎలా వచ్చారు, రైలు దొరికిందా అని అడుగుతూ తిరిగాడు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఈయనకి ఏడుపు ఎందుకు రావట్లేదని ఎంత కోపం వచ్చిందో. ఆ భాగం పూర్తయ్యేసరికి రాత్రి పదకొండున్నర. నాన్నకి ఫోన్ చేశాను. “ఏమ్మా, ఈ టైమ్‌లో?” అన్నాడు కంగారుగా. “ఊరికే నాన్నా, తిన్నావా?” అన్నాను. “ఎప్పుడో తిన్నానమ్మా, పడుకో” అన్నాడు. ఒక డ్రామాకి మార్కులు వేయాల్సి వస్తే ఇంతకంటే నాకు వేరే కొలత లేదు.

ఒకే సినిమాకి నా స్పందన తలకిందులవడం కూడా చూశాను. వాంగ్ కార్-వై తీసిన ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ మొదటిసారి పెట్టినప్పుడు అరగంటకే నిద్రపోయాను. 1962 హాంకాంగ్, ఇరుకు గదులు, పక్కపక్క అద్దె వాటాల్లో ఒక ఆయన, ఒక ఆవిడ. ఆయన భార్యకీ ఆవిడ భర్తకీ సంబంధం ఉందని ఇద్దరికీ తెలిసిపోతుంది. ఆవిడ క్యారియర్ పట్టుకుని నూడుల్స్ కోసం మెట్లు దిగుతుంది, ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. టోనీ లియుంగ్‌కి 2000లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చారంటే, ఈయన ఏం చేశాడని ఇచ్చారో అనుకున్నాను. ఆరేళ్ళ తర్వాత ఒక రాత్రి నిద్రపట్టక మళ్ళీ పెట్టాను. విడిపోవడం ఎలా ఉంటుందో ముందే ఒకసారి అలవాటు చేసుకుందామని ఇద్దరూ రిహార్సల్ వేసుకునే సీన్ ఉంది. ఆయన చెయ్యి వదిలి నడిచి వెళ్ళిపోతాడు. ఆవిడ తన చెయ్యి తానే పట్టుకుని నొక్కుకుంటుంది. తర్వాత ఆయన భుజంమీద పడి వెక్కివెక్కి ఏడుస్తుంటే, ఇది రిహార్సలే కదా అని ఓదారుస్తాడు. మొదటిసారి నిద్రలో పోగొట్టుకున్నది ఈ సీనే. ఈసారి సినిమా అయిపోయాక కూడా లైటు వెయ్యబుద్ధి కాలేదు. మధ్యలో నాకు వయసు పెరిగింది తప్ప ఆ సినిమాలో మారిందేమీ లేదు.

కోపం తెప్పించినవి కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది. 2022లో ‘ట్వంటీ-ఫైవ్ ట్వంటీ-వన్’ వచ్చింది. కొరియాని కుదిపిన ఐఎంఎఫ్ ఆర్థిక సంక్షోభంలో దివాలా తీసిన ఇంటి కుర్రాడు, కత్తిసాము ఆడే స్కూలు పిల్ల. పదహారు భాగాలు, వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాలు ప్రాణం పెట్టి చూశాను. హీరోయిన్ కూతురి ఇంటిపేరు కిమ్, హీరో ఇంటిపేరు బేక్. లెక్క అక్కడే తేలిపోయింది. అయినా నేనూ మా చెల్లీ కూర్చుని, దత్తత అయ్యుండొచ్చనీ, పేరు మార్చుకుని ఉండొచ్చనీ, మా ఇష్టమొచ్చిన కథలు అల్లుకున్నాం. చివరికి విడిపోయారు. ఆ రాత్రి రిమోట్ ఎక్కడ విసిరానో రెండు రోజులు దొరకలేదు. పోయినేడు మళ్ళీ చూస్తే, అతను న్యూయార్క్‌లో రిపోర్టరుగా ఒక్కో విషాదం మోస్తూ ఫోన్ చేయలేకపోవడం, ఆ పిల్ల ఎదురుచూసి అలిసిపోవడం, అన్నీ సబబుగానే కనిపించాయి. కోపం పోయింది, దిగులు మాత్రం అలాగే ఉంది. అలాంటి ముగింపుకి ధైర్యం కావాలని ఒప్పుకుంటాను, కానీ మళ్ళీ మూడోసారి చూడను.

ఇటీవలి వాటిలో 2025 మార్చిలో వచ్చిన ‘వెన్ లైఫ్ గివ్స్ యు టాంజెరీన్స్’ గురించి ఒక్క సీన్ చెప్తాను. జెజు ద్వీపం. ఆ ఇంట్లో మగవాళ్ళకి ఒక బల్ల, ఆడవాళ్ళకి పక్కన ఇంకో బల్ల. హీరో గ్వాన్-షిక్ పెళ్ళాం, చిన్నారి కూతురు అటువైపు. గ్వాన్-షిక్ పెద్దగా మాట్లాడే రకం కాదు. గొడవ పెట్టుకోడు, ఉపన్యాసం ఇవ్వడు. కూర్చున్న చోటే వెనక్కి తిరిగి, తన బల్లకి వీపు పెట్టి, భార్య బల్ల వైపు ముఖం చేసి అన్నం తింటాడు. అంతే చేశాడు. గొడుగులు, వెనక కౌగిలింతలు అన్నీ కలిపినా ఆ సగం తిరుగుడుకి సాటిరావు. ఈ డ్రామాని వారానికి నాలుగేసి భాగాలుగా వదిలారు, అదీ మంచిదే అయింది. అన్నీ ఒకేసారి ఇచ్చుంటే నేను ఆఫీసుకి వెళ్ళగలిగేదాన్ని కాదు.

ఎందుకంటే ఒంటికి నష్టం గట్టిగానే ఉంది. కొరియన్ డ్రామా ఒక్కో భాగం గంట పైమాటే. ‘ఇంకొక్కటి’ అనుకుంటూ తెల్లవారుజామున మూడైపోయి, వాచిన కళ్ళతో మీటింగ్‌లో కూర్చుంటే మేనేజర్ నాకు ఏదో కష్టం వచ్చిందనుకుని సెలవు తీసుకోమన్నారు. చైనీస్ వాటికి నలభై భాగాలు మామూలే, ముప్పయ్యో భాగానికి నాకు ప్రేమ మీద నమ్మకం కాదు, ఓపిక పోతుంది. జపనీస్‌వి పది పదకొండుతో సరిపెడతారు, ఆ పొదుపు నాకు నచ్చుతుంది. షుంజి ఇవాయ్ తీసిన ‘లవ్ లెటర్’ (1995) లాంటిదైతే రెండు గంటల్లోనే ముగుస్తుంది. చివర్లో స్కూలు లైబ్రరీ పిల్లలు తెచ్చిన పాత పుస్తకం కార్డుని హీరోయిన్ వెనక్కి తిప్పితే తన బొమ్మే ఉంటుంది. ఎప్పుడో చిన్నప్పుడు తన పేరే ఉన్న ఆ అబ్బాయి గీసింది. ఏమీ ఎరగనట్టు కార్డుని జేబులో పెట్టుకోబోతుంది, వేసుకున్న ఏప్రన్‌కి జేబు ఉండదు. చెయ్యి అటూ ఇటూ తడుముకుంటుంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియని ఆ ముఖంతోనే సినిమా ఆపేస్తారు.

డ్రామా అయిపోయాక వచ్చే వెలితికి మాత్రం నాకింకా మందు దొరకలేదు. పది రోజులు రోజూ కనిపించిన మనుషులు ఒక్కసారిగా ఉండరు. కొత్తది పెడితే పాతవాళ్ళకి ద్రోహం చేసినట్టుంటుంది. అందుకని మూడేళ్ళుగా ఒక పద్ధతి పెట్టుకున్నాను. బాగా నచ్చినదానికి పదిహేనో భాగం దగ్గర ఆపేస్తాను. ఇప్పటికి అలాంటివి నాలుగు ఉన్నాయి, నాలుగింటికీ చివరి భాగం అలాగే మిగిలి ఉంది. అందులో ఒకదాన్ని మా చెల్లి ఎప్పుడో పూర్తి చేసేసి, నోరు కట్టుకుని కూర్చుంది. నెలకోసారి మెసేజ్ పెడుతుంది: “చూశావా?”

“ఇంకా లేదే” అని పెడతాను.