పెట్రోల్ ప్రెషర్ గేజీ కిట్టు: నాలుగేళ్ల వాడకం తర్వాత

గుండ్రటి ముల్లు గేజీ, మూడడుగుల రబ్బరు పైపు, ప్రెషర్ వదలడానికి చిన్న బటను, దాని కింద సన్నటి ప్లాస్టిక్ గొట్టం, పెట్టె నిండా ఇత్తడి జాయింట్లు. పెట్రోల్ ఇంజెక్షన్ బండ్లలో ట్యాంకులోని పంపు ఇంజెక్టర్లకు పంపే పెట్రోలు ఒత్తిడి (ప్రెషర్) కొలవడానికి వాడే మామూలు కిట్టు ఇది, మార్కెట్లో పది పేర్లతో దొరుకుతుంది. తిరుపతిలో ట్యాక్సీల పని ఎక్కువగా వచ్చే షెడ్డులో నాలుగేళ్లుగా వాడుతున్నాం. కొనదగ్గ వస్తువే. కాని పెట్టె తెరిచి నేరుగా బండికి తగిలిస్తే మాత్రం తప్పుదారి పట్టిస్తుంది.

మొదటి లోపం గేజీలోనే ఉంది. దానిమీద 0 నుంచి 10 బార్ (ఒత్తిడి కొలిచే యూనిట్) దాకా అంకెలు, మూలన 2.5 అని చిన్నగా అచ్చు ఉంటుంది. ఆ 2.5 అంటే మొత్తం స్కేలులో రెండున్నర శాతం, అంటే పావు బార్ అటూ ఇటూ తప్పు చూపొచ్చు. మనం చూసేది 3 బార్ దగ్గర. అక్కడ పావు బార్ తేడా ఎనిమిది శాతం. బాగున్న పంపును పాడైందనడానికీ, పాడైనదాన్ని వదిలేయడానికీ అది చాలు. మేం ఆ గేజీ తీసేసి 0 నుంచి 6 బార్ దాకా ఉన్న, గ్లిజరిన్ నింపిన, 1.6 క్లాసు గేజీ బిగించాం. తప్పు 0.1 బార్‌కు దిగింది, ముల్లు వణుకు కూడా తగ్గింది. కొనేటప్పుడే ఇలాంటిది ఉన్న కిట్టు దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి.

రెండోది ఓరింగులు, అంటే జాయింట్లు కారకుండా ఆపే రబ్బరు రింగులు. కిట్టుతో వచ్చే నల్ల రబ్బరువి కొన్ని నెలలకే ఉబ్బి మెత్తబడ్డాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు కాబట్టి నాసిరకం రబ్బరు నిలవదు. పెట్రోలుకు తట్టుకునే విటాన్ రబ్బరు ఓరింగులు కొలత చూసి మార్చుకుంటే మూడేళ్లకు పైగా ఇబ్బంది లేదు. జాయింట్లలో రోజూ పనికొచ్చేవి రెండే: 7.89 మిల్లీమీటర్లది, 9.49 మిల్లీమీటర్లది. మిగతా డజను పెట్టెలోనే ఉన్నాయి. మన కార్లలో చాలావాటికి ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం (రైలు) మీద పరీక్ష వాల్వు ఉండదు, పైపు మధ్యలో టీ ఆకారపు జాయింటు పెట్టాల్సిందే. అందుకే ఈ రెండూ గట్టివై ఉండాలి.

తగిలించే ముందు పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ ఆగిపోయేదాకా స్లోరన్నింగులో వదిలి, ఆ తర్వాత మరో మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. అప్పటికీ లైనులో కొంత మిగిలే ఉంటుంది, గుడ్డ చుట్టి నెమ్మదిగా విప్పాలి, కళ్లద్దాలు తప్పనిసరి. వేడి ఇంజన్ మీద ఈ పని వద్దు. పక్కన మంటలు ఆర్పే పౌడరు సిలిండరు లేకుండా అసలు మొదలెట్టొద్దు.

ఇక చదవడం. గేజీ తగిలించి, ఫ్యూజు తిరిగి పెట్టి తాళం ఆన్ చేస్తే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది. ముల్లు ఒక్క ఊపులో మాన్యువల్ చెప్పిన అంకెకు రావాలి. మిగిలిన పెట్రోలును ట్యాంకుకు వెనక్కి పంపే రిటర్ను పైపు లేని కార్లలో ఇది ఎక్కువగా 3 నుంచి 4 బార్ మధ్య, హోండా ఇంజెక్షన్ స్కూటర్లలో 294 కిలోపాస్కల్, అంటే 3 బార్‌కు కాస్త తక్కువ. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిలబడిన బండిలో ఫిల్టరు సగం మూసుకుపోయినా, ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటరు ఆ అంకెను నిలబెడుతుంది, ఎందుకంటే స్లోరన్నింగులో ఇంజన్ తాగేది చాలా తక్కువ. లోపం బయటపడేది ఎక్కువ పెట్రోలు అడిగినప్పుడే. "కొండెక్కేటప్పుడు జర్కులు, కింద మాత్రం బాగుంటుంది" అని వచ్చే ట్యాక్సీల్లో ఇదే ఎక్కువ.

తిరుమల ఘాట్ మీద గేజీతో పరీక్షలు పెట్టొద్దు, అక్కడ బండి ఆపడానికి చోటుండదు, భక్తుల రద్దీ. పీలేరు దారిలో భాకరాపేట ఘాట్ చాలు. గేజీని బానెట్ బయటికి తెచ్చి, ముందు అద్దం మీద డ్రైవరుకు కాక పక్కవాడికి కనిపించేలా టేపుతో అంటించాలి. పెట్రోలు పైపును క్యాబిన్ లోపలికి ఎట్టి పరిస్థితుల్లో తేకూడదు. రెండో గేరులో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఎక్కేటప్పుడు ముల్లు పావు బార్ కంటే ఎక్కువ జారి అక్కడే ఉండిపోతే సరఫరా తక్కువని అర్థం. షెడ్డుకొచ్చాక లైను విప్పి కొలత డబ్బాలోకి పంపు నడపండి: చిన్న కారు పంపు 30 సెకన్లలో అర లీటరు దాటించాలి, మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే అదే ప్రమాణం.

రాకపోయినా పంపు మీద పడకండి. ముందు మల్టీమీటరు. పంపు తిరుగుతుండగా దాని కనెక్టరు దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి ఇక్కడ 11.8 వస్తే, పోయిన 1.7 వోల్టులు రిలే కాంటాక్టుల్లోనో, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టులోనో ఉన్నాయి. అర వోల్టు దాటిన ప్రతి బండికీ ముందు వైరింగే చూస్తాం. వోల్టేజీ తగ్గితే పంపు వేగం తగ్గుతుంది, అంతే సంగతి. పంపు మార్చి, అదే ఎర్త్‌కు మళ్లీ బిగిస్తే ఆ కస్టమరు డబ్బు వృథా అయినట్టే. గ్యాసు కిట్టు బండ్లలో మాత్రం నిజంగానే పంపులు పోతాయి. ట్యాంకు అడుగున రెండు లీటర్లతో నెలల తరబడి తిప్పుతారు. పంపుకు చల్లదనం ఇచ్చేది చుట్టూ ఉన్న పెట్రోలే. కనీసం పావు ట్యాంకు ఉంచమని ప్రతి డ్రైవరుకూ చెబుతున్నాం.

ఈ కిట్టు అసలు విలువ తెలిసేది ఇంజన్ ఆపాక. కొండ మీద గంటసేపు ఎండలో ఆపి తిరిగి సెల్ఫ్ కొడితే పట్టదు, పది సార్లు కొడితే పడుతుంది. లైనులో ప్రెషర్ నిలబడి ఉంటే ఇంజన్ వేడికి పెట్రోలు ఆవిరి కాదు. ప్రెషర్ పోతే రైలులోనే బుడగలు కడుతుంది. చాలా టొయోటా మాన్యువళ్లు ఇంజన్ ఆపిన 5 నిమిషాలకు 147 కిలోపాస్కల్, అంటే సుమారు ఒకటిన్నర బార్ మిగలాలంటాయి. అంతకంటే పడితే లీకు ఎటో తేల్చాలి. గేజీ జాయింటుకు ట్యాంకు వైపు మూత వాల్వు పెట్టుకుని, ప్రెషర్ ఎక్కాక మూసేయండి. ముల్లు నిలిస్తే లోపం పంపులో పెట్రోలు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వుదో ట్యాంకులోని రెగ్యులేటరుదో. మూసినా పడుతుంటే ఇంజెక్టరు కారుతోంది, ప్లగ్గులు విప్పితే ఒకటి తడిగా దొరుకుతుంది. వాల్వు లేదని పైపును ప్లయర్‌తో నొక్కొద్దు. ఇప్పటి పైపులు నైలాన్‌వి, నొక్కినచోట పగుళ్లు వస్తాయి.

చిన్న విమానాల మీద ఆసక్తి ఉన్న కుర్రాళ్లు ఇదే గేజీ వాటికీ పనికొస్తుందా అని అడుగుతుంటారు. పనికిరాదు. తర్కం ఒకటే, అంకెలు వేరు. కార్బురేటరున్న లైకమింగ్ ఓ-320 అనే విమాన ఇంజన్ నడిచేది 0.5 నుంచి 8 పీఎస్ఐ మధ్య, అంటే ఎక్కువలో ఎక్కువ అర బార్ చిల్లర. 10 బార్ గేజీ మీద అది ముల్లు కదిలీ కదలనంత. పైగా అక్కడ ఇంజన్ పంపుకు తోడు కరెంటు పంపు వేరే ఉంటుంది, ఏది తగ్గిందో ఒకదాన్ని ఆపి చూసి తేలుస్తారు. ఆ పని లైసెన్సున్న ఇంజనీరుదే.

డీజిల్ కామన్ రైలు బండ్లకూ, పెట్రోల్ డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్ల హై ప్రెషర్ వైపుకూ దీన్ని తగిలించకండి. అక్కడ ఒత్తిడి వందల బార్లు, డీజిల్‌లో వెయ్యి దాటుతుంది. పైపు పేలితే ఇంధనం చర్మంలోకి దూసుకుపోతుంది. ఆరు నెలలకోసారి రబ్బరు పైపును వంచి చూడండి, సన్నటి గీతలు కనిపిస్తే అదే రోజు మార్చేయండి. మేం ఇప్పటికి రెండు పైపులు మార్చాం.