మా సోలార్ హీటర్‌ని విప్పి మళ్ళీ బిగించిన మేస్త్రీ పని గురించి

మా అమ్మకు 74 ఏళ్ళు. నెల్లూరు ఎండల్లో కూడా వేణ్ణీళ్ళే పోసుకుంటుంది, మోకాళ్ళ నొప్పులకు ఆమెకు అదే మందు. పాతింట్లో రాగి బాయిలర్ ఉండేది, మధ్య గొట్టంలో కొబ్బరి చిప్పలూ పుల్లలూ వేసి మంట పెడితే చుట్టూ ఉన్న నీళ్ళు కాగేవి. వేదాయపాళెంలో ఇల్లు కట్టుకున్నాక ఆ పొగ కుదరదని 2021లో గాజు ట్యూబుల సోలార్ వాటర్ హీటర్ కొన్నాం, 200 లీటర్లది. మూడేళ్ళు దాన్ని తిట్టుకుంటూనే వాడాం. పోయిన కార్తీకంలో ఒక ప్లంబింగ్ మేస్త్రీ వచ్చి, అదే ట్యాంకుని అవే ట్యూబులతో మళ్ళీ బిగించాడు, అప్పటి నుంచి ఇంట్లో ఆ గొడవే లేదు. ఈ రివ్యూ ఆయన చేతిపనికి. పేరు, నంబరు పెట్టొద్దన్నాడు, ఒప్పుకున్న పనులే తెమలడం లేదట.

మొదటిసారి బిగించింది కొన్న షాపు వాళ్ళు పంపిన కుర్రాళ్ళు. షాపు పేరు చెప్పను. పొద్దున పదింటికి వచ్చి రెండింటికల్లా వెళ్ళిపోయారు. మిట్టమధ్యాహ్నం ఎండలో కాలిపోతున్న ఖాళీ ట్యూబుల్లోకి ఒక్కసారిగా చన్నీళ్ళు వదిలితే మూడు ట్యూబులు పగిలాయి, వాటికి మళ్ళీ మా దగ్గరే డబ్బులు తీసుకున్నారు. ఆ తర్వాత ఇంటికి నీళ్ళిచ్చే పై ట్యాంకు నిండిన ప్రతిసారీ, సోలార్ ట్యాంకులో గాలీ ఆవిరీ పోవడానికి పెట్టిన ఎయిర్ వెంట్ గొట్టంలోంచి వేణ్ణీళ్ళు మిద్దె మీదకు పొర్లేవి. ఫోన్ చేస్తే ఒకతను వచ్చి ఆ గొట్టానికి మూత బిగించి వెళ్ళాడు! కింద చన్నీళ్ళ కుళాయి తిప్పితే కాసేపు గోరువెచ్చగా వచ్చేవి, అమ్మ బాత్‌రూములో వేణ్ణీళ్ళ కుళాయి తిప్పితే బకెట్టు నిండవస్తున్నా చల్లగానే వచ్చేవి. కంపెనీ మంచిది కాదేమో, ట్యూబులు పాడయ్యాయేమో అనుకుంటూ ఉండేవాళ్ళం.

మేస్త్రీ వచ్చిన రోజు గంటసేపు ఒక్క పానా కూడా తీయలేదు. పైపులు పట్టుకుని చూస్తూ మిద్దె మీద నుంచి కిందికి, కింద నుంచి పైకి నాలుగుసార్లు తిరిగాడు. చివరికి ఆ మూత చూసి, ముందు దాన్ని తీసి పక్కన పడేసి అప్పుడు మాట్లాడాడు. "సార్, నీళ్ళు కాగితే ఉబ్బుతాయి, ఆవిరి కడతాయి. అది పోయే దారి మూసేస్తే లోపలి రేకు ఎట్టా తట్టుకుంటుంది? ఇన్నాళ్ళు పగలకుండా ఉండటం మీ అదృష్టం." వెంట్ గొట్టం పై ట్యాంకు నీటి మట్టం కంటే ఎత్తులో ఉండాలి, అంతే విషయం. మాది మూరెడు తక్కువలో ఉంది, అందుకే పొర్లేది. ఎత్తు పెంచాల్సిన చోట మూత పెట్టారన్నమాట. పైగా చన్నీళ్ళకు వాడే మామూలు యూపీవీసీ ప్లాస్టిక్ గొట్టం వేశారు, వేడికి మెత్తబడి కొంకిలా వంగిపోయి ఉంది. అది 60 డిగ్రీలు దాటితే నిలవదు, వేణ్ణీళ్ళకు వాడే సీపీవీసీ ప్లాస్టిక్ అయితే 93 దాకా తట్టుకుంటుంది. మే నెలలో నీళ్ళు వాడకుండా రెండు రోజులు ఊరెళితే ఈ ట్యాంకులో వేడి ఎంత పెరుగుతుందో, చెయ్యి పెట్టి కాల్చుకున్న నాకు తెలుసు.

చన్నీళ్ళ లైను ఇంకో తప్పు. ఇంటి కుళాయిలకు వెళ్ళే గొట్టంలోంచే మూడు నోళ్ళ టీ జాయింటు ఒకటి వేసి సోలార్ ట్యాంకుకి కలిపారు, నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వు, అదే ఎన్ఆర్‌వీ, అసలు లేదు. కింద కుళాయి తిప్పినప్పుడు సోలార్ ట్యాంకులో నీళ్ళే వెనక్కి వచ్చేవి, ఆ గోరువెచ్చదనం అక్కడిది. మేస్త్రీ పై ట్యాంకు నుంచి విడిగా ఒక లైను తీశాడు. నేను షాపు నుంచి స్ప్రింగు ఎన్ఆర్‌వీ తెస్తే వెనక్కి పంపించి, లోపల రేకు తలుపులా ఆడే ఇత్తడిది తెప్పించాడు. మన ఇళ్ళలో పై ట్యాంకుకీ సోలార్ ట్యాంకుకీ మధ్య తేడా రెండు మూడు అడుగులే, స్ప్రింగు తెరుచుకోవడానికే ఆ ఒత్తిడిలో చాలా భాగం పోతుందట. ఆ తలుపు రకాన్ని అడ్డంగా పెట్టాడు, బాణం గుర్తు సోలార్ ట్యాంకు వైపు ఉండాలి. నాకు ఈ మనిషి మీద నమ్మకం కుదిరింది అక్కడే.

అసలు పనితనం కనిపించింది వేణ్ణీళ్ళ లైనులో. పాత లైను పిట్టగోడ మీద నుంచి ఎక్కి దిగి, ఇల్లు చుట్టి 22 మీటర్లు పోయేది. ముప్పావు ఇంచి సీపీవీసీలో మీటరుకు పావు లీటరు నీళ్ళు నిలుస్తాయి, అంటే ఐదున్నర లీటర్లు చల్లగా పారబోస్తే గానీ వేడి రాదు. ఆ ఎక్కి దిగే చోట గాలి పట్టేసి ధార సన్నబడేది. ఈయన పిట్టగోడ అడుగున బెజ్జం కొట్టి లైనుని 13 మీటర్లకు తగ్గించాడు, ఎక్కడా గూనిలా లేవకుండా మొదటి నుంచి చివరిదాకా కిందికే వాలుగా. మట్టం గొట్టం పెట్టి చూసుకుంటూ ఒక్కో క్లాంపు కొట్టాడు.

క్లాంపులు కూడా బిగుతుగా కొట్టలేదు, గొట్టం జారేంత వదులు ఉంచాడు. ఎందుకని అడిగితే పాత లైనులో మలుపు దగ్గర చిట్లిన ఎల్బో చూపించాడు. పది మీటర్ల సీపీవీసీ గొట్టం 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక ఇంచి సాగుతుంది. రెండు చివరలా కదలనీయకుండా కట్టేస్తే అది ఎల్బోని తోస్తుంది, పగలు సాగి రాత్రి ముడుచుకుని ఏదో ఒక రోజు చిట్లుతుంది. అందుకని గోడ పొడవునా పోయే చోట మధ్యలో గొట్టాన్ని ఒక మెలిక తిప్పాడు. అతుకుల దగ్గర కోసిన అంచు పొక్కు లేకుండా గీకి, గుడ్డతో తుడిచి, రెండు వైపులా సొల్యూషన్ రాసి, పావు వంతు తిప్పి దూర్చి, కదలకుండా పట్టుకుని లెక్కపెట్టేవాడు. ఆ రోజు నీళ్ళు వదలమంటే ఒప్పుకోలేదు, మర్నాడే వదిలాడు.

రెండో రోజు మా తమ్ముడు బోస్టన్ నుంచి వీడియో కాల్ చేశాడు. వాళ్ళకు చలి ఎక్కువ, ఇంటి అడుగున బాయిలర్ ఉంటుంది, అది నీళ్ళు కాచి ప్రతి గదిలో రేడియేటర్‌కు పంపుతుంది, చల్లారిన నీళ్ళు మళ్ళీ బాయిలర్‌కే వస్తాయి. మేస్త్రీ అడిగాడని తమ్ముడు కింది గదిలోకి దిగి అన్నీ చూపించాడు: రాగి గొట్టాలు, పంపు, గాలి దానంతటదే పోయే చిన్న వెంట్, ఉబ్బిన నీళ్ళకు చోటిచ్చే రబ్బరు పొర ఉన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, ఒత్తిడి చూపే మీటరులో 12 పీఎస్‌ఐ దగ్గర ముల్లు, 30 దాటితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు. పూర్వం అక్కడ పంపు లేకుండానే వేడి నీళ్ళు పైకి లేచి, చల్లనివి కిందికి దిగి తిరిగే ఇళ్ళు ఉండేవని తమ్ముడు చెప్తే మేస్త్రీ మా గాజు ట్యూబుల వైపు చెయ్యి చూపించి "ఇందులో జరిగేదీ అదే కదా సార్" అన్నాడు. "నీళ్ళు ఉబ్బడానికి చోటు, గాలి పోవడానికి దారి వాళ్ళకీ కావాలి, మనకీ కావాలి." తమ్ముడు వాళ్ళ బాయిలర్ బిగించినతను పైపుల మీద ఏది ఎక్కడికి పోతుందో చీటీలు కట్టాడని చూపించాడు. మేస్త్రీ సాయంత్రానికి మా వాల్వుల మీద కూడా పెయింటుతో రాశాడు: "చన్నీళ్ళు", "వేడి", "ఇది మూయొద్దు".

స్టాండు సంగతి త్వరగా చెప్పేస్తా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను గాలికి స్టాండు కాళ్ళ కింద పెట్టిన ఇటుకలు కదిలి ట్యాంకు ఒకవైపు ఒరిగింది, మేం ఇంకో ఇటుక దోపి ఊరుకున్నాం. ట్యాంకులో నీళ్ళే 200 కిలోలు! మేస్త్రీ కాంక్రీటు దిమ్మెలు పోసి వాటిలో బోల్టులు దించాడు, శ్లాబుకు బెజ్జాలు పెట్టలేదు, పెడితే కురుస్తుందట. తూర్పుకి తిప్పి ఉన్న ట్యూబులను దక్షిణానికి తిప్పాడు, మెట్ల గది నీడ తగలకుండా నాలుగడుగులు జరిపాడు. వేడి నీళ్ళు ఎక్కువ కావాల్సిన డిసెంబరులో మనకు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపే వాలి ఉంటాడు.

ట్యూబులు విప్పితే లోపల నుంచి తెల్లటి సున్నం పొడి గుప్పెళ్ళకొద్దీ రాలింది, మా బోరు నీళ్ళు అలాంటివి. అన్నీ కడిగి, రబ్బరు రింగులకు సబ్బు నీళ్ళు రాసి, తిప్పుతూ మెల్లగా దూర్చాడు. మూడో రోజు పొద్దు వాలేదాకా ట్యూబుల మీద దుప్పట్లు కప్పి ఉంచి, చల్లబడ్డాకే నీళ్ళు పట్టాడు. ఈసారి ఒక్కటీ పగల్లేదు.

ఆయనతో ఇబ్బందులు లేవని కాదు. చెప్పిన రోజు కంటే నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు, ఆ నాలుగు రోజులు ఫోన్ ఎత్తక మాకు టెన్షన్ పెట్టాడు. బిల్లు ఇవ్వడు, సామాను బిల్లులు మనమే దాచుకోవాలి. పిట్టగోడ బెజ్జం చుట్టూ పూడ్చకుండా వదిలేశాడు. వేడి లైనుకి నల్ల రబ్బరు తొడుగు వేశాడు కానీ ఎండకు అది పెళుసు కాకుండా పైన చుట్టాల్సిన అల్యూమినియం టేపు రెండు మీటర్లు తక్కువైతే నేనే తెచ్చి చుట్టాను. మజూరీ 8 వేలు తీసుకున్నాడు, సామాను 11 వేలు అయింది. మా వీధిలో అది ఎక్కువన్నారు, మూడు రోజుల పని కళ్ళారా చూసిన నాకు అనిపించలేదు. మబ్బు రోజుల కోసం ఉన్న కరెంటు కాయిల్‌కి ఎర్త్ సరిగా లేదని తాను కలపకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలిపించడం కూడా నాకు నచ్చింది.

ఇప్పుడు అమ్మ ఆరింటికి కుళాయి తిప్పితే మూడు లీటర్ల పైచిలుకు వదిలేసరికి వేడి వస్తుంది, ఆ చల్లటివి చన్నీళ్ళ బకెట్టులో పట్టి వాటినే వేణ్ణీళ్ళలో కలుపుకుంటుంది. పోయిన చలికాలమంతా కాయిల్ వేసింది ముసురు పట్టిన ఐదారు రోజులే. ఏడాదికోసారి సున్నం కడగాలన్నాడు కాబట్టి వచ్చే వారం ఆయన్నే రమ్మన్నాను, పిట్టగోడ బెజ్జం కూడా అప్పుడే పూడ్పిస్తాను.