ఆరేళ్లుగా జోటెరో వాడుతున్నాను, అసలు ఫైల్లో ఆ ఒక్క బటన్ జోలికి మాత్రం వెళ్లను

ఎమ్మెస్సీ థీసిస్‌కి రిఫరెన్సులు చేత్తో టైపు చేసిన బ్యాచ్ మాది. మొత్తం 112. బైండింగ్‌కి ఇచ్చే ముందు రోజు మా గైడ్ సార్ ఆఖరి పేజీలు తిరగేసి, "ఏమ్మా, ఇక్కడ సంవత్సరం పేరు పక్కన ఉంది, అక్కడ చివర్న ఉంది. ఏదో ఒకటి చెయ్యి" అన్నారు. ఆ ఏదో ఒకటి చేసేసరికి తెల్లారింది. అందుకే పీహెచ్‌డీలో చేరిన కొత్తలో సీనియర్ అక్క ఒకామె నా ల్యాప్‌టాప్‌లో జోటెరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వర్డ్‌లో స్టైల్ పేరు మార్చగానే రిఫరెన్సులన్నీ వాటంతటవే రూపం మార్చుకోవడం చూపిస్తే నాకు ఏడుపొక్కటే తక్కువ. ఈ సమీక్ష అంతా దాదాపు ఆ ఒక్క పని గురించే. ఉచితమనీ, బ్రౌజర్లో బటన్ నొక్కితే పేపర్ వివరాలు లైబ్రరీలోకి వచ్చేస్తాయనీ అందరికీ తెలిసిందే కాబట్టి అవన్నీ వదిలేస్తున్నాను.

మాది కీటకశాస్త్రం, మిరపలో నల్ల తామర పురుగు మీద పని. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి నమోదైన త్రిప్స్ పార్విస్పైనస్ ఇదే. 2021లో గుంటూరు మిరప పూతలోకి దిగాక ఏం చేసిందో రైతులను అడగాలి. ఆ తర్వాత దీని మీద పని చేయని ల్యాబ్ లేదన్నట్టయింది. అందరూ ఒకే పురుగు మీద రాస్తుంటే పేపర్లు తిరిగి రావడం మామూలే. పైగా మా దగ్గర జర్నల్ ఎంచుకునేటప్పుడు ముందు నాస్ (జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ) రేటింగ్ చూస్తాం, తర్వాత ఫీజు చూస్తాం, స్కోప్ సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. అలా ఒక్కో పేపర్ రెండు మూడు గడపలు తొక్కుతుంది. ఒక జర్నల్‌కి వరస అంకెలు కావాలి, ఇంకోదానికి రచయిత పేరు, సంవత్సరం కావాలి, మూడోది జర్నల్ పేర్లు పొట్టిగా రాయమంటుంది.

అక్కడే జోటెరో నన్ను కొనేసింది. వర్డ్‌లో ఉండే జోటెరో ప్లగిన్‌లో డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్ తెరిచి కొత్త స్టైల్ ఎంచుకుని ఓకే నొక్కితే, మంచినీళ్లు తాగి వచ్చేలోపు 84 రిఫరెన్సులూ మారిపోతాయి. అంకెల క్రమం పోయి అక్షర క్రమం వస్తుంది. ఇంట్రడక్షన్‌లో మధ్యన ఒక పేరా దూర్చితే కింది అంకెలన్నీ జరుగుతాయి. చేత్తో చేసినవాళ్లకే ఇందులో సుఖం తెలుస్తుంది.

ఇక 2023 ఆగస్టు సంగతి. మొదటి జర్నల్‌కి పేపర్ సిద్ధమైంది. "పంపేముందు సైటేషన్లు అన్‌లింక్ చెయ్, లేకపోతే పోర్టల్లో పీడీఎఫ్ అయ్యేటప్పుడు తేడా కొట్టొచ్చు" అని అదే అక్క చెప్పింది. సలహా సరైనదే. కాపీ తీసుకుని దాని మీద చెయ్యమని కూడా చెప్పానంటుంది. నాకు వినపడలేదు.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. వర్డ్‌లో జోటెరో పెట్టే సైటేషన్, అంటే వాక్యం పక్కన ఏ పేపరో చెప్పే గుర్తు, ఉత్త అక్షరాలు కాదు, ఫీల్డ్. దాని మీద క్లిక్ చేస్తే బూడిద రంగు నీడ పడుతుంది. ఆ పేపర్ వివరాలన్నీ దాని వెనక దాగి ఉంటాయి. అన్‌లింక్ చేస్తే ఆ లంకె తెగిపోయి, 17 అన్నచోట 17 అనే అంకె మాత్రం మిగులుతుంది. పేజీ చూస్తే ఏ తేడా తెలియదు, చిక్కంతా అక్కడే. ఇకపై ఈ డాక్యుమెంట్లో సైటేషన్లు మార్చడం కుదరదు, సరేనా అని జోటెరో అడిగింది కూడా. రాత్రి ఒంటిగంట దాటింది, సార్ పొద్దున్నే ఫోన్ చేస్తారన్న టెన్షన్ ఒకటి. సరేనని నొక్కాను. సేవ్ చేశాను, అదే పేరుతో.

పదకొండో రోజున జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. మీ అంశం మా పరిధిలోకి రాదన్నారు. రివ్యూకి కూడా వెళ్లలేదు. నాకేం పెద్ద బాధ కలగలేదు. "స్టైల్ మార్చడం నిమిషం పని సార్, సాయంత్రానికి ఇంకోదానికి పంపేస్తాను" అని ధీమాగా చెప్పాను. ఫైల్ తెరిచి కొత్త స్టైల్ ఎంచుకున్నాను. ఒక్క అక్షరం కదల్లేదు. ప్లగిన్ మొరాయించిందనుకుని వర్డ్ మూసి తెరిచాను. కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను. జోటెరో తీసేసి మళ్లీ ఎక్కించాను. ముప్పావుగంట తర్వాత, ఎందుకు తోచిందో గానీ, ఒక సైటేషన్ మీద క్లిక్ చేసి చూశాను. నీడ పడలేదు. ఇంకోదాని మీద చూశాను. అక్కడా లేదు.

లైబ్రరీలో పేపర్లన్నీ భద్రంగానే ఉన్నాయి. ఏది ఎక్కడ పెట్టాలన్నదే పోయింది. 84 రిఫరెన్సులు, 131 చోట్ల. ఒక్కోటీ వెతికి మళ్లీ పెట్టడం మొదలెట్టాను. ఇరవై దాటేసరికి రెండు తప్పులు దొర్లాయి. పురుగుమందు నిరోధకత మీద పేపర్ పెట్టాల్సిన చోట నీలి రంగు జిగురు అట్టల పేపర్ పెట్టాను. ఇది తేలే పని కాదనుకుంటుండగా మెయిల్‌లో సెంట్ ఫోల్డర్ గుర్తొచ్చింది. మూడు వారాల కిందట చదవమని సార్‌కి పంపిన ఫైల్ అందులో ఉంది. క్లిక్ చేస్తే నీడ పడింది. ఫలితాలు వచ్చినరోజు కూడా నేనంత సంతోషపడలేదు.

కానీ ఆ తర్వాతే కదా సార్ చెప్పారని డిస్కషన్ అంతా తిరగరాసింది. రెండు ఫైళ్లూ వర్డ్‌లో కంపేర్ పెట్టి, మారిన పేరాలు ఒక్కోటే పాత ఫైల్లోకి ఎక్కించి, వాటిలో సైటేషన్లు మళ్లీ పెట్టాను. మూడో రోజుకి పూర్తయింది. మధ్యలో సార్ ఫోన్. "ఏమ్మా, సాయంత్రానికన్నావు?" "ఈసారి స్కోప్ సరిగ్గా చూసుకుంటున్నాను సార్" అన్నాను. ఆయన చాలా సంతోషించారు.

అప్పటినుంచి ప్రతి పేపర్‌కీ రెండు ఫైళ్లు. ఒకదాని పేరు చివర 'లైవ్', రెండోదాని చివర 'పంపింది'. అన్‌లింక్ బటన్ ఆ రెండోదానిలోనే నొక్కుతాను, అదీ పగటిపూట.

సరే, ఫైల్‌కి ప్రాణం వచ్చాక స్టైల్ మార్చాను, నిజంగానే నిమిషంలో మారింది. అయితే నిమిషం పని అన్న నా మాట కొంచెం సవరించుకోవాలి. అంకెల స్టైల్‌లో ఉన్నన్నాళ్లూ లైబ్రరీలో ఎంత చెత్త ఉన్నా బయటికి కనపడదు. పేరు, సంవత్సరం పద్ధతికి మారగానే ఇంటి గుట్టంతా వీధిన పడింది. ముఖ్యంగా మనవాళ్ల పేర్లు. జోటెరోలో ఇంటిపేరుకి ఒక గడి, అసలు పేరుకి ఇంకో గడి. మనం ఇంటిపేరుని ఒక్క అక్షరం చేసి ముందు పెట్టుకుంటాం. జర్నళ్ల సైట్లు దాన్ని తమకి తోచినట్టు విడగొట్టి పంపుతాయి. ఒకే రెడ్డిగారు నా లైబ్రరీలో ముగ్గురయ్యారు. ఒకచోట 'రెడ్డి', ఒకచోట 'వెంకటరెడ్డి', ఇంకోచోట ఇంటిపేరు గడిలో ఒంటరిగా 'జి'. పేపర్లో 'జి ఎట్ ఆల్, 2018' అని అచ్చయితే ఆయన మొహం ఎలా చూస్తాను! అలాంటివి పాతిక దాకా సరిచేశాను. కొన్నిచోట్ల ఒకే మనిషిని ఇద్దరనుకుని, తేడా తెలియాలని పేరు ముందు ఇనిషియల్స్ తగిలించింది. అది జోటెరో తప్పు కాదు, దానికి అందిన వివరాలే అలా ఉన్నాయి. కాకపోతే ఆ శుభ్రం చేసే పని మనదే, ఎవరూ తప్పించలేరు.

శాస్త్రీయ నామాల గోల ఇంకోటి. అవి వాలు అక్షరాల్లో రావాలంటే టైటిల్ గడిలో పేరుకి అటూ ఇటూ చిన్న ట్యాగులు పెట్టాలి. వందలాది పేపర్లలో అన్నిటికీ పెట్టానని చెప్పను. మన దేశంలో వచ్చే చిన్న జర్నళ్లకి రెడీమేడ్ స్టైల్ చాలాసార్లు దొరకదు. స్టైళ్లు పదివేలకు పైగా ఉన్నా మనకి కావలసింది అందులో లేకపోతే ఏం లాభం! దగ్గరగా ఉన్నది ఎంచుకుని, చివర్లో కామాలూ చుక్కలూ చేత్తో దిద్దుకుంటాను. అంటే మళ్లీ ఎమ్మెస్సీ రోజులే, కాకపోతే తెల్లారదు.

సార్ ఇప్పటికీ సైటేషన్ నచ్చకపోతే దాని మీదే టైపు చేసేస్తారు. మర్నాడు నేను తెరిస్తే, మీరు దీన్ని చేత్తో మార్చారు, అలాగే ఉంచమంటారా అని జోటెరో అడుగుతుంది. మార్చింది నేను కాదని దానికి చెప్పే వీల్లేదు.

అనుకోని మేలు కూడా ఒకటి జరిగింది. రివిజన్ సమయంలో లైబ్రరీలో ఒక పేపర్ మీద ఎర్ర పట్టీ కనిపించింది. ఆ పేపర్‌ని జర్నల్ వెనక్కి తీసుకుందట. వెనక్కి తీసుకున్న పేపర్ల లెక్క ఉంచే రిట్రాక్షన్ వాచ్ సమాచారంతో పోల్చి చూసి జోటెరో ఇలా హెచ్చరిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. మా డిస్కషన్‌లో రెండు వాక్యాలు దాని మీదే నిలబడి ఉన్నాయి. తీసేశాం.

మీకు పనికొస్తుందా అంటే, నా పరిస్థితి చూసుకుని చెబుతున్నాను. నేను వర్డ్‌లోనే రాస్తాను, దాదాపు ఒక్కదాన్నే రాస్తాను, సార్ తప్ప ఫైల్‌ని ఎవరూ ముట్టుకోరు. నలుగురైదుగురు గూగుల్ డాక్స్‌లోకి, మళ్లీ వర్డ్‌లోకి ఫైల్ తిప్పుకునే బృందమైతే మారిన ప్రతిసారీ జోటెరోలో స్విచ్ వర్డ్ ప్రాసెసర్స్ అన్నది వాడాలి, అది అందరికీ గుర్తుండాలి. వర్డ్ బదులు లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసే ఫిజిక్స్ మిత్రులు నా కథ విని నవ్వారు, వాళ్ల దారి వేరు. పీడీఎఫ్‌లు ఆన్‌లైన్లో దాచుకోవడానికి జోటెరో ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ నాకు ఆరు నెలల్లో నిండింది. ఇప్పుడు పీడీఎఫ్‌లు సింక్ చేయకుండా హార్డ్ డిస్కులో దాచుకుంటాను. నెట్ బాగుండి, ఏడాదికి కొంత కట్టగలిగితే ఆ బాధ ఉండదు. పది రిఫరెన్సుల చిన్న వ్యాసానికైతే నేను కూడా చేత్తోనే కొట్టేస్తాను.

ఆ పేపర్ చివరికి మూడో జర్నల్లో వచ్చింది. అందులో 31వ రిఫరెన్సులో త్రిప్స్ పార్విస్పైనస్ వాలకుండా నిటారుగా నిలబడి ఉంది. ప్రూఫ్ చూసింది నేనే.