స్టార్‌డ్యూ వ్యాలీ: పీసీ, స్విచ్, ఫోన్, స్టీమ్ డెక్‌లలో ఏడేళ్ల సేద్యం తరువాత

పొలం సాగుచేసుకునే వీడియో గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీని నేను 2018లో ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టాను. తరువాత నింటెండో స్విచ్ కోసం మరోసారి, ఫోన్ కోసం ఇంకోసారి కొన్నాను. రెండేళ్లుగా చేతిలో పట్టే పీసీ అయిన స్టీమ్ డెక్ మీద కూడా ఆడుతున్నాను; అక్కడ మాత్రం పీసీ కోసం కొన్న ప్రతే పనికివచ్చింది. ఒకే ఆటకు మూడుసార్లు డబ్బు కట్టడం తెలివైన పని కాదని తెలిసే చేశాను. ఒక యంత్రంలో పెంచిన పొలాన్ని మరో యంత్రానికి తరలించే దారి చాలా చోట్ల లేకపోవడం వల్ల, ఎక్కడ మొదలుపెడితే అక్కడే ఉండిపోవలసి వస్తుంది. కొత్తగా ఈ ఆట కొనబోయేవారు యంత్రం ఎంపిక గురించి కాస్త ఆగి ఆలోచించాలని నేను చెప్పడానికి అసలు కారణం ఇదే.

చాలామంది ముందుగా బొమ్మ నాణ్యత గురించి, వేగం గురించి అడుగుతారు. ఈ ఆట విషయంలో ఆ రెండింటి గురించీ ఆలోచించనక్కర లేదు. ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా శ్రమించి 2016 ఫిబ్రవరి 26న పీసీలో విడుదల చేసిన ఈ ఆటకు 2 జీబీ ర్యామ్, సుమారు 500 ఎంబీ జాగా సరిపోతాయి. చిన్న చిన్న చుక్కలతో కూర్చిన బొమ్మలు కాబట్టి పెద్ద తెర మీదైనా చేతిలో పట్టే తెర మీదైనా అందం ఒకటే. ఫోన్ తెర మీద అక్షరాలు కొంచెం ఇబ్బంది పెడతాయి, అంతే.

తేడా అంతా ఆటలోని రోజు దగ్గర వస్తుంది. ఆటలో రోజు ఉదయం 6 గంటలకు మొదలై రాత్రి 2 గంటలకు ముగుస్తుంది. ఆటలోని 10 నిమిషాలు మన గడియారంలో సుమారు 7 సెకన్లు. అంటే రోజు మొత్తం మనకు దాదాపు 14 నిమిషాలు. ఒక్కో రుతువుకు 28 రోజులు, ఏడాదికి నాలుగు రుతువులు. పీసీలోనూ స్విచ్ వంటి కన్సోళ్లలోనూ ఆట సేవ్ అయ్యేది మన రైతు మంచం ఎక్కి పడుకున్నప్పుడు మాత్రమే. మధ్యాహ్నం గనిలో ఉండగా ఆట మూసేస్తే, మళ్లీ తెరిచేసరికి అదే రోజు ఉదయం 6 గంటలు, చేతిలో నీళ్ల క్యాన్, ఎదురుగా తడవని మడులు.

ఇది నాకు ఎలా ఒంటబట్టిందో చెబుతాను. రెండో ఏడాది వసంతం 13వ తేదీన గుడ్ల పండుగ జరిగింది. స్ట్రాబెర్రీ విత్తనాలు ఆ పండుగ అంగడిలో ఒక్కోటి 100 బంగారు నాణేలకు దొరుకుతాయి. ఉన్న డబ్బంతా ఊడ్చి 60 విత్తనాలు కొన్నాను. పండుగ నుంచి పొలానికి వచ్చేసరికి ఆటలో రాత్రి 10 గంటలవుతుంది. ఆ చీకట్లోనే పారతో గడి గడికీ దుక్కి చేసి, విత్తి, చెరువుకూ మడికీ తిరుగుతూ నీళ్లు పట్టి, చివరి వరుస కూడా తడిసిందన్న తృప్తితో ఆట మూసేసి లేచాను. మంచం ఎక్కలేదు. మర్నాడు తెరిస్తే పండుగ రోజు ఉదయమే మళ్లీ ఎదురయింది. పోయినది పావుగంట కూడా కాదు, కానీ అదే దుక్కి మళ్లీ దున్నాలంటే చేతులు రాలేదు. ఆ వారమంతా ఆట ముట్టుకోలేదు.

స్విచ్ ఈ చిక్కును చాలావరకు తీరుస్తుంది. పవర్ బటన్ నొక్కితే ఆట ఉన్నది ఉన్నట్టుగా ఆగుతుంది. మళ్లీ నొక్కితే ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఉంటుంది. అన్నం పొయ్యి మీద పెట్టి, అది ఉడికే లోపల సగం రోజు ఆడి పక్కన పెట్టే వీలు పీసీ నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. అయితే ఇది నిద్రపుచ్చడమే తప్ప సేవ్ చేయడం కాదు. చార్జింగ్ పూర్తిగా అయిపోయినా, మరో ఆట తెరవడానికి దీన్ని మూసినా, ఆ రోజు పోతుంది. ఫోన్ ఇంకో మెట్టు పైన ఉంది: యాప్ పక్కకు వెళ్లినప్పుడు అప్పటి స్థితిని అది విడిగా భద్రపరచుకుని, తిరిగి వచ్చాక అక్కడి నుంచే కొనసాగిస్తారా అని అడుగుతుంది. విరామాలు చిన్నవిగా దొరికే వారికి ఈ ఒక్క సదుపాయం చాలు ఫోన్ వైపు మొగ్గడానికి.

స్టీమ్ డెక్‌లో నిద్రపుచ్చే వీలూ ఉంది, సేవ్‌లను ఇంటర్నెట్‌లో దాచే స్టీమ్ క్లౌడ్ ద్వారా ల్యాప్‌టాప్‌లోని పొలమే ఇక్కడా తెరుచుకునే వీలూ ఉంది. ఈ రెండూ కలిసినప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. డెక్‌ను రోజు మధ్యలో నిద్రపుచ్చితే ఆట ఇంకా నడుస్తున్నట్టే లెక్క కాబట్టి సేవ్ క్లౌడ్‌కు చేరదు. ఒకసారి అలా ఆపేసి, రాత్రి ల్యాప్‌టాప్‌లో ఆడి, మర్నాడు డెక్ తెరిచాను. ఒకే పొలానికి రెండు చరిత్రలు తయారయ్యాయి. ఏది ఉంచాలని అడిగినప్పుడు కంగారులో పాతదాన్నే ఎంచుకున్నది నేనే. అప్పటి నుంచి యంత్రం మారే ముందు రైతును పడుకోబెట్టి, ఆటను పూర్తిగా మూసి, సేవ్ క్లౌడ్‌కు చేరే దాకా ఆగుతున్నాను.

రోజు తరువాత చూడవలసింది చేతి పట్టు. పీసీలో మౌస్‌తో ఆడినప్పుడు రైతు చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో దేని మీద బాణం పెడితే పనిముట్టు అక్కడే పడుతుంది. 1 నుంచి 0 దాకా ఉన్న అంకెలు, వాటి పక్కన మరో రెండు మీటలు కలిసి పన్నెండు పనిముట్లను నేరుగా చేతికి అందిస్తాయి. కంట్రోలర్‌లో పనిముట్టు రైతు ముఖం తిప్పిన వైపే పడుతుంది. ఒక పనిముట్టు నుంచి ఇంకోదానికి భుజం బటన్లతో ఒక్కొక్కటిగా జరగాలి. స్విచ్‌లో మొదటి నెలలో, కాలీఫ్లవర్ మడి పక్కనున్న రాయిని కొట్టబోయి, రైతు అర అడుగు అటు తిరిగి ఉండడంతో, తొమ్మిది రోజులు పెంచిన మొక్కను పికాక్స్‌తో లేపేశాను. కాలీఫ్లవర్ కోతకు రావడానికి 12 రోజులు పడుతుంది కనుక ఆ దెబ్బ ఎలాంటిదో ఆడినవారికి తెలుస్తుంది. సెట్టింగులలో పనిముట్టు పడే గడిని ఎప్పుడూ చూపించే ఎంపిక ఒకటి ఉంది. కంట్రోలర్‌తో ఆడేవారు మొదటి రోజే దాన్ని ఆన్ చేసుకోవాలి.

గాలం వేయడంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. చేప పైకీ కిందికీ ఎగురుతుంటే ఆకుపచ్చ పట్టీని దాని వెంట నడిపించడానికి బటన్‌ను నొక్కుతూ వదులుతూ ఉండాలి. ఆ పని మౌస్ కంటే కంట్రోలర్ బటన్ మీద నాకు హాయిగా కుదిరింది. బొటనవేలికి బటన్ లోతు తెలియడం వల్ల కాబోలు. ఫోన్ గాజు మీద ఆ లోతు ఉండదు. పట్టీ ఎప్పుడూ నేననుకున్న దానికి ఒక వేలెడు పైనో కిందో ఉంటుంది.

ఫోన్‌ను తక్కువ చేసి మాట్లాడే వారితో నేను ఏకీభవించను. తాకితే చాలు, రైతు అక్కడికి నడిచి వెళ్తాడు; రాయిని తాకితే పికాక్స్, చెట్టును తాకితే గొడ్డలి తనంతట తానే తీసుకుంటాడు. నాటడం, నీరు పెట్టడం, కోయడం, పశువులను నిమరడం ఫోన్‌లో జరిగినంత సులువుగా ఇంకెక్కడా జరగవు. ఇబ్బంది 120 అంతస్తుల గనిలో దిగినప్పుడు వస్తుంది. పురుగులు దగ్గరకు వస్తే దానంతట అదే కత్తి దూసే ఎంపిక ఉన్నా, తప్పుకుని పారిపోవలసిన సమయంలో వేలు తెరనే కప్పేస్తుంది. పోరాటం మీద ఆసక్తి లేకుండా సేద్యం, ఊరివారితో స్నేహం చాలనుకునే వారికి ఇది లోటుగా కనిపించకపోవచ్చు.

నలుగురితో కలిసి ఆడాలనుకుంటే ముందుగా ఆ నలుగురి దగ్గర ఏముందో అడిగి కొనాలి. పీసీలో ఉన్నవారు స్విచ్‌లో ఉన్నవారి పొలంలోకి రాలేరు. ఆట 1.6 వెర్షన్ వచ్చాక పీసీలో ఒకే పొలంలో ఎనిమిది మంది వరకు ఉండవచ్చు. 1.5 నుంచి ఒకే తెరను పంచుకుని ఆడే వీలు కూడా వచ్చింది, కానీ చిన్న తెరను రెండు ముక్కలు చేస్తే పొలం కంటే కంచెలే ఎక్కువ కనిపిస్తాయి, కాబట్టి దానికి టీవీ ఉండాలి. కలిసి ఆడేటప్పుడు పెట్టె తెరిచినా, సంచి చూసుకున్నా గడియారం ఆగదని గుర్తుంచుకోవాలి. ఒంటరి ఆటలో మెనూ తెరిచి తీరిగ్గా ఆలోచించే అలవాటున్న నేను మా తమ్ముడి పొలంలో మొదటి వారమంతా రాత్రి 2 గంటలకు దారిలోనే సొమ్మసిల్లి పడిపోయాను.

కొత్త మార్పులు ముందుగా పీసీకే వస్తాయి. 1.6 పీసీకి 2024 మార్చి 19న వస్తే, కన్సోళ్లకూ ఫోన్లకూ నవంబరు 4న వచ్చింది. అంతకు ముందు 1.5 మరీ దారుణం: పీసీకి 2020 డిసెంబరులో, కన్సోళ్లకు 2021 ఫిబ్రవరిలో వచ్చిన అల్లం దీవి అనే కొత్త ప్రాంతం ఫోన్లకు చేరేసరికి 2023 వచ్చింది. డబ్బు అదనంగా అడగకుండా ఇన్నేళ్లుగా ఇస్తున్నందుకు దీని మీద పెద్దగా సణగను కానీ, దీవి గురించి అందరూ మాట్లాడుకుంటుంటే ఫోన్‌లో పాత పొలం చుట్టూ తిరగడం కష్టంగానే ఉండేది.

పీసీకి ఉన్న అసలు బలం మోడ్‌లు, అంటే ఆడేవారే తయారుచేసి పంచుకునే చేర్పులు. స్మాపీ అనే సాధనం ఒకటి వేసుకుంటే, ఏ వస్తువు దేనికి పనికివస్తుందో చూపే లుకప్ ఎనీథింగ్, పెట్టెలనూ యంత్రాలనూ కలిపే ఆటోమేట్ వంటివన్నీ అందుబాటులోకి వస్తాయి. మొదటి పొలానికి మాత్రం ఇవి వద్దని నా అభిప్రాయం; ఏ చేప ఎక్కడ పడుతుందో తెలియకపోవడమే మొదటి ఏడాది రుచి. పైగా 1.6 వచ్చిన రోజున నా మోడ్‌లలో సగం పనిచేయడం మానేశాయి, వాటిని తయారుచేసినవారు సరిదిద్దే దాకా ఆ పొలం తాళం వేసినట్టే ఉండిపోయింది. సేవ్‌లు పీసీలో మామూలు ఫోల్డర్లుగా ఉంటాయి కనుక, ఆ రోజుకు ముందే ఒక నకలు తీసి పెట్టుకోవడం నన్ను కాపాడింది. స్విచ్‌లో అలా చేతితో నకలు తీసుకునే దారి లేదు.

డెక్ వంటి చేతిలో పట్టే పీసీ ఇప్పటికే ఉన్నవారు ఇంకేమీ వెతకనక్కర లేదు, అందులోనే ఆడాలి. లేనివారికి, బల్ల ముందు వరుసగా గంట కూర్చునే తీరిక ఉంటే పీసీ, లేకపోతే స్విచ్ అని చెబుతాను. ఫోన్ తప్ప ఇంకేమీ లేకపోతే నిస్సంకోచంగా ఫోన్‌లోనే మొదలుపెట్టవచ్చు. ప్రకటనలు లేవు, మధ్యలో డబ్బు అడగడం లేదు, ఆట మొత్తం అందులో ఉంది. నా స్విచ్ పొలంలో ఇప్పుడు ఆరో ఏడాది శరదృతువు నడుస్తోంది. గుమ్మడికాయలు కోతకు వచ్చి రెండు రోజులైంది, రైతు బండ పక్కన గొడ్డలి ఎత్తి నిలబడి ఉన్నాడు, చార్జింగ్ పెట్టాలి.