ఇన్‌ఫ్లుయెంజాతో పోయిన సైనికుల సమాధులు వెతకడానికి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ సైటు: ఏది నమ్మాలి, ఎక్కడ ఆగాలి

1918 ఇన్‌ఫ్లుయెంజాలో పోయిన సైనికుల కోసం వెతికేవాళ్లు మొదట తెరవాల్సింది, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటే. వెతకడానికి పైసా కట్టక్కర్లేదు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా కొలువులో ఉండగా పోయినవాళ్లందరినీ, తూటా తగిలినా జ్వరం వచ్చినా, ఒకే జాబితాలో చేర్చారు. డిశ్చార్జి అయి ఇంటికెళ్లాక పోయినవాళ్ల పేరు మాత్రం ఆ మరణానికి కొలువే కారణమని తేలితేనే ఎక్కింది.

పెద్ద లోటు ఒకటుంది. మరణకారణం రాసే గడి లేదు. అందుకే తేదీలతో పట్టాలి. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో మొదటి ప్రపంచ యుద్ధం ఎంచుకుని, 1918 సెప్టెంబర్ 1 నుంచి 1919 మార్చి 31 దాకా ఇచ్చి, దేశం చేర్చండి. ఫలితాలు డౌన్‌లోడ్ చేసి శ్మశానం, తేదీ వరుసలో పేర్చండి. ఒకే ఆస్పత్రి శ్మశానంలో పది రోజుల్లో పక్కపక్క నంబర్లతో సమాధులు కనిపిస్తే ఫ్లూ అని అనుమానించొచ్చు. అనుమానమే, రుజువు కాదు.

వేల్స్‌లోని బోడెల్‌విథన్‌లో సెయింట్ మార్గరెట్ చర్చి ఆవరణ చూడండి. పక్కనే ఉన్న కిన్మెల్ పార్క్ క్యాంపులో స్వదేశానికి ఓడ కోసం ఎదురుచూస్తూ ఫ్లూతో పోయిన కెనడా కుర్రాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు. 1919 మార్చి 4, 5 తేదీల్లో అదే క్యాంపులో జరిగిన అల్లర్లలో ఐదుగురు చనిపోయారు. వాళ్లలోనూ కొందరిని అక్కడే పూడ్చారు. సైటులో రెండు రకాల రికార్డులూ ఒకేలా ఉంటాయి. తేడా తేల్చేది సర్వీసు ఫైలే. కెనడా ఫైళ్లు, ఆస్ట్రేలియా జాతీయ ఆర్కైవ్స్‌లో బీ2455 అనే వరుస ఫైళ్లు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. వాటిలో 'ఇన్‌ఫ్లుయెంజా' అన్న మాట కోసమే చూస్తే చాలామంది జారిపోతారు. 'బ్రాంకో న్యుమోనియా' అంటే ఊపిరితిత్తుల జబ్బు, 'పీయూఓ' అంటే కారణం తెలియని జ్వరం, ఇవీ చూడాలి. బ్రిటిష్ సైనికుల ఫైళ్లు సగానికి పైగా 1940 బాంబుదాడిలో కాలిపోయాయి. ఆ నష్టం పూడ్చలేనిది.

రికార్డు పేజీలో కింద ఉన్న పత్రాలు వదిలేయకండి. సమాధుల నమోదు పత్రంలో టైపు చేసిన పేరును కొట్టేసి పైన చేత్తో దిద్దినవి కనిపిస్తాయి. వేరే చోట పేరు దొరకకపోతే ఆ పాత స్పెల్లింగుతో మళ్లీ వెతకండి. సమాధి ఫలకాల షెడ్యూల్లో, ఫలకం మీద చెక్కడానికి ఇంటివాళ్లు ఎంచుకున్న వాక్యం ఉంటుంది. వాళ్లకిచ్చిన చోటు 66 అక్షరాలే. ఒక తల్లి బిడ్డ గురించి చెప్పుకోవాల్సిందంతా అందులోనే ఇమడాలి.

మనవాళ్ల దగ్గరికొస్తే, తెలుగు సైనికుల కోసం 'సర్వ్డ్ విత్' (ఏ సైన్యంలో పనిచేశారు) దగ్గర ఇండియన్ ఎంచుకుని, అదనపు సమాచారం గడిలో జిల్లా పేరు ఇవ్వండి. విశాఖపట్నం, కృష్ణా లాంటివి ఆనాటి ఇంగ్లిష్ స్పెల్లింగులోనే కొట్టాలి. ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే నమోదైనవాళ్లది ఆ పేరు ఇంటిపేరు గడిలో ఉంటుంది. దహనం చేసినవాళ్లకు సమాధి ఉండదు, స్మారకం మీద పేరే దిక్కు.

ఎక్కువమంది పొరబడేది 'మద్రాస్ 1914-1918 వార్ మెమోరియల్' దగ్గర. రికార్డులో ఆ పేరు చూసి చెన్నై వెళ్లి సమాధి కోసం తిరగకండి. అక్కడున్నది వెయ్యికి పైగా పేర్లు చెక్కిన స్మారకం. ఆ మనుషులు దేశమంతా చెదిరిన కంటోన్మెంట్, సివిల్ శ్మశానాల్లో ఉన్నారు. ఆ సమాధులను శాశ్వతంగా నిర్వహించడం కుదరదని పేర్లు ఇక్కడ చేర్చారు. అసలు చోటు కావాలంటే బ్రిటిష్ లైబ్రరీలోని చర్చి ఖనన రిజిస్టర్లు చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీకి ఎన్/2 వరుస, బెంగాల్‌కు ఎన్/1, బొంబాయికి ఎన్/3. ఫైండ్‌మైపాస్ట్ అనే వంశచరిత్ర సైటులో చందా కట్టి ఇంట్లోంచే చూడొచ్చు. పూడ్చిన ఊరే కాదు, కమిషన్ సైటులో లేని మరణకారణం కూడా వీటిలో సాధారణంగా దొరుకుతుంది. చందా ఖరీదే. కాబట్టి కమిషన్ సైటు నుంచి జాబితా పూర్తిగా సిద్ధం చేసుకున్నాకే ఒక నెలకు కట్టండి.