నోయిర్ మొదలుపెట్టడానికి ఏది మేలు: ‘డబుల్ ఇండెమ్నిటీ’యా, ‘ది థర్డ్ మ్యాన్’యా?

ఫిల్మ్ నోయిర్ (1940ల నాటి, వెలుగునీడల్లో నడిచే నేరకథల సినిమాలు) ఒక్కటైనా చూద్దాం, చెప్పండి అంటే తెలిసినవాళ్ళ నోటికి వెంటనే వచ్చే పేర్లు మూడు. బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944, 107 నిమిషాలు), కారల్ రీడ్ తీసిన ‘ది థర్డ్ మ్యాన్’ (1949, 104 నిమిషాలు), జాక్ టూర్నర్ తీసిన ‘అవుట్ ఆఫ్ ది పాస్ట్’ (1947, 97 నిమిషాలు). మూడూ గొప్పవే అనేసి తప్పుకోవచ్చు. కానీ మొదట చూసింది పట్టుకుంటేనే రెండోదాని జోలికి వెళ్తారు. సరిపడని దానితో మొదలుపెట్టి, పావుగంటకే ఫోను చేతిలోకి తీసుకునేవాళ్ళు బోలెడు మంది.

మూడోదాన్ని ముందే పక్కన పెట్టేద్దాం. ‘అవుట్ ఆఫ్ ది పాస్ట్’లో రాబర్ట్ మిచమ్ సగం మూసిన కళ్ళతో ఊరికే నిలబడినా చూడబుద్ధేస్తుంది. అకపుల్కో ఎండలోంచి జేన్ గ్రీర్ ఆ చిన్న కెఫేలోకి నడిచొచ్చే షాటు కోసమే మళ్ళీ మళ్ళీ చూసేవాళ్ళున్నారు. చిక్కంతా కథ శాన్‌ఫ్రాన్సిస్కో చేరాక వస్తుంది. పన్ను కాగితాలు, ఒక అఫిడవిట్, ఎవరు ఎవరికి టోపీ పెడుతున్నారో అంతుపట్టని ఎత్తులు. కొత్తవాళ్ళు అక్కడే దారి తప్పుతారు. అలవాటైనవాళ్ళు మాత్రం కథను దాని మానాన వదిలేసి కెమెరామన్ నికొలస్ ముసురాకా వెలుగునీడలు చూస్తూ కూర్చుంటారు. దీని వంతు మూడోది.

ఇక అసలు పోటీ. ఈ రెండింట్లో మొదట ‘డబుల్ ఇండెమ్నిటీ’ చూడటమే మేలు. కారణం ఒక్కటే: దాని కథ ముందే తెలిసినా ఏమీ చెడదు. మనకు సస్పెన్స్ అంటే హంతకుడెవరన్న ప్రశ్న. ఇందులో ఆ ప్రశ్నను మొదటి కొద్ది నిమిషాల్లోనే తీసిపారేస్తారు. అర్ధరాత్రి ఆఫీసుకొచ్చిన బీమా ఏజెంటు, కోటు భుజం మీద రక్తపు మరకతో కుర్చీలో కూలబడి, డిక్టాఫోన్‌లో (మాటలు రికార్డు చేసే యంత్రం) తన నేరం తానే చెప్పుకుంటాడు. డబ్బు కోసం, ఒక ఆడదాని కోసం చంపానని, రెండూ దక్కలేదని ఒప్పేసుకుంటాడు. ఇక మిగిలింది ఉచ్చు ఎలా బిగిసిందో చూడటమే.

పేరు సంగతీ చెప్పుకోవాలి. ప్రమాదంలో పోతే బీమా సొమ్ము రెట్టింపు ఇచ్చే షరతే డబుల్ ఇండెమ్నిటీ. డబుల్ యాక్సిడెంట్ బెనిఫిట్ అని మన ఎల్ఐసీ ఏజెంట్లు చెప్పేది దీని చుట్టమే. సినిమాలో పాలసీ 50,000 డాలర్లది, అరుదైన ప్రమాదమైతే లక్ష. రైలు మీంచి పడి చావడం ఆ అరుదైన వాటిలో ఒకటి. కాబట్టి ఎత్తంతా రైలు చుట్టూ తిరుగుతుంది. ఏజెంటు మోజుపడ్డ ఆమెకు పెళ్ళయింది, ఇద్దరూ కలిసే ఎత్తు వేస్తారు. కారు బీమా కాగితమనుకుని ఆమె భర్త యాక్సిడెంటు పాలసీ మీద సంతకం పెట్టేస్తాడు. ఆ తర్వాత అతని కాలు విరుగుతుంది. స్టేషనుకు వెళ్ళేలోపు కారులోనే అతన్ని చంపి, ఏజెంటు చంకకర్రలతో అతనిలా రైలెక్కి, చివరి పెట్టె వెనక ప్లాట్‌ఫామ్ మీంచి దూకేస్తాడు. శవాన్ని పట్టాల మీద పడుకోబెడతారు. హత్య జరిగే క్షణంలో కెమెరా భర్త వైపు తిరగను కూడా తిరగదు, స్టీరింగ్ దగ్గరున్న భార్య, అంటే బార్బరా స్టాన్విక్ మొహాన్నే చూస్తూ ఉంటుంది.

ఆ వెంటనే వచ్చే అర నిమిషాన్ని జాగ్రత్తగా చూడండి. పని ముగించుకుని ఇద్దరూ కారెక్కుతారు. ఆమె స్టార్ట్ చేస్తుంది. మోటారు గొణుగుతుంది గానీ అందుకోదు. మళ్ళీ తిప్పుతుంది, మళ్ళీ అంతే. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడతను చెయ్యి చాపి తనే మరోసారి ప్రయత్నిస్తాడు. ఈలోపు చూసేవాడు ‘అబ్బ, స్టార్టయితే బాగుండు’ అని మనసులో అనుకునే ఉంటాడు. హంతకులు తప్పించుకోవాలని మొక్కుకున్నాడన్నమాట! నోయిర్ ఆకర్షణ ఏమిటని అడిగేవాళ్ళకు ఈ ఒక్క ముక్క చూపిస్తే చాలు. టోపీలు, సిగరెట్ పొగ, తడి రోడ్లు దాని తర్వాతే.

తర్వాత సగం ఎడ్వర్డ్ జి. రాబిన్సన్‌ది. క్లెయిములు చూసే కీస్ పాత్ర అతనిది. యాక్సిడెంటు బీమా ఉన్నవాడు కాలు విరిగినప్పుడు క్లెయిమ్ ఎందుకు పెట్టుకోలేదన్న చిన్న ప్రశ్న దగ్గర అతని అనుమానం రాజుకుంటుంది. బీమా ఆఫీసులో పనిచేసేవాళ్ళకు ఇది మరీ నచ్చుతుంది. గుర్తుపట్టాల్సిన తప్పు కూడా ఒకటుంది. ఏజెంటు ఫ్లాటు తలుపు వరండాలోకి తెరుచుకుంటుంది. అలాంటి ఇళ్ళ తలుపులు మామూలుగా లోపలికి తెరుచుకుంటాయి. ఆమె ఆ తలుపు చాటున దాక్కోవాలి కాబట్టి బయటికి తెరిపించారు. సీను నడిచే ఉత్కంఠలో ఎవరికీ పట్టదు. స్టాన్విక్ పెట్టుకున్న ఆ తెల్లటి బంగారు రంగు విగ్గు మాత్రం కంట పడుతుంది, అది బాగుందని మేమూ అనం.

కెమెరామన్ జాన్ సైట్జ్ పనికి ఒక ఉదాహరణ. ఆ ఇంట్లో వెనీషియన్ బ్లైండ్స్ పట్టీల సందుల్లోంచి ఎండ చారలుగా పడుతుంటే, గాల్లో దుమ్ము మెరుస్తూ కనిపిస్తుంది. అందుకోసం అల్యూమినియం పొడి చల్లారు. మామూలు దుమ్ము కెమెరాకు అంతగా అందదు.

‘ది థర్డ్ మ్యాన్’ సంగతి వేరు. కంటికి ఇదే పెద్ద విందు. యుద్ధం ముగిశాక నాలుగు దేశాల సైన్యాలు పంచుకున్న వియన్నా, శిథిలాలు, రాత్రిపూట నీళ్ళు కొట్టి తడిపిన రాతి వీధులు, కల్తీ పెన్సిలిన్ నల్లబజారు, చివర్లో మురుగు సొరంగాలు. రాబర్ట్ క్రాస్కర్ ఫొటోగ్రఫీకి ఆస్కార్ వచ్చింది. (‘డబుల్ ఇండెమ్నిటీ’కి ఏడు నామినేషన్లు, చేతికి ఒక్కటీ రాలేదు.) ఫ్రేమును ఎంత వంచి తీశారంటే, చూస్తున్నంతసేపూ మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి పెట్టాలనిపిస్తుంది. ఆర్కెస్ట్రా లేదు, ఆంటన్ కారస్ వాయించిన జిథర్ అనే తీగల వాయిద్యం ఒక్కటే. పది నిమిషాల్లో అది కొందరికి ప్రాణం, కొందరికి తలనొప్పి.

కానీ దీని గుండెకాయ ఒక ఆశ్చర్యం. దాదాపు గంట గడిచాక, చీకటి గుమ్మంలో నిలబడ్డ మనిషి మీద పైకిటికీ వెలుగు పడుతుంది. ఎవరన్నది పోస్టరు మీదే అచ్చేసి ఉంటుంది, ఖర్మ. కొత్తవాళ్ళకు ఇంకో ఇబ్బంది, మొదటి అరగంటంతా విచారణలు, సాక్ష్యాలు, మాటలే. నోయిర్ మీద కాస్త నమ్మకం కుదిరినవాళ్ళకే ఆ ఓపిక ఉంటుంది.

ఏది పెట్టుకున్నా ముందు టీవీ సర్దుకోవాలి. సగం మందికి ఈ సినిమాలు నచ్చకపోవడానికి కారణం అదే.

ఇవి దాదాపు 4:3 ఫ్రేములో తీసినవి. పక్కల నల్లపట్టీలు రావాల్సిందే. ‘జూమ్’ నొక్కితే తలలు తెగుతాయి, సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. ‘వివిడ్’ మోడ్ తీసేసి ‘సినిమా’ గానీ ‘ఫిల్మ్‌మేకర్’ గానీ పెట్టండి. మోషన్ స్మూతింగ్ (కదలికను నున్నగా చేసే టీవీ సెట్టింగు) ఆపేయండి, అది ఉంటే సెకనుకు 24 ఫ్రేముల సినిమా సీరియల్‌లా జారిపోతుంది. బ్రైట్‌నెస్‌ను నల్లకోటు మీద కాలరు గీత కనిపించీ కనిపించనట్టుండేదాకా తగ్గించండి. ఇంకా పెంచితే నలుపు బూడిద రంగవుతుంది, ఇంకా తగ్గిస్తే మనిషే మాయమవుతాడు. గదిలో లైటు ఆర్పేయండి. పట్టపగలు కిటికీ ఎదురుగా కూర్చుంటే తెర మీద మీ మొహమే కనిపిస్తుంది. రంగులద్దిన కాపీ దొరికితే ముట్టుకోవద్దు.

‘డబుల్ ఇండెమ్నిటీ’కి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, 1940ల యాస తూటాల్లా వస్తుంది. ‘ది థర్డ్ మ్యాన్’లో జర్మన్ మాటలకు మాత్రం అనువాదం వస్తే ఆపేయండి. భాష రాని పరాయి ఊళ్ళో హీరోకు అర్థం కానిది మనకూ అర్థం కాకూడదనే అలా వదిలేశారు. నిడివీ చూసుకోండి. 93 నిమిషాలుంటే అది అమెరికాలో కత్తిరించి వదిలింది, మొదట్లో వినిపించే వ్యాఖ్యానం హీరో జోసెఫ్ కాటన్ గొంతులో ఉంటుంది. రీడ్ స్వయంగా వ్యాఖ్యానం చెప్పిన 104 నిమిషాల బ్రిటిష్ ప్రింటే వెతుక్కోండి.

రెండు సినిమాల మధ్య ఒకట్రెండు రోజులు ఆగడం మంచిది. ‘ది థర్డ్ మ్యాన్’ కథ అయిపోయినట్టు అనిపించగానే రిమోట్ అందుకోవద్దు. శ్మశానం దారిలో దూరంగా చుక్కలా మొదలైన అలీడా వాల్లీ ఆకులు రాలుతుండగా కెమెరా దాకా నడిచొస్తుంది, దారి పక్కన ఒకడు ఎదురుచూస్తుంటాడు. నిమిషానికి పైగా ఆ కెమెరా కదలదు.